బొగ్గుబాయి కట్టిన ఊళ్లు



తెలుగునాట నిర్మాణాల గురించి మాట వచ్చినప్పుడు రామప్ప గుడి, గోల్కొండ కోట, చార్మినారు ముందుగా గుర్తుకు రావడం, పరిశోధకుల దృష్టి కూడా రాజులూ సామంతులూ నిలబెట్టిన కట్టడాల మీదనే ఎక్కువగా నిలవడం చాలాకాలంగా ఉన్న అలవాటు. కాని ఇరవయ్యో శతాబ్దంలో తెలంగాణ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో లక్షలాది మంది పుట్టి పెరిగి, పెళ్లిళ్లు చేసుకుని, సమ్మెలు చేసి, ముసలివాళ్లయిన ఇళ్లను కట్టించింది ఏ రాజూ కాదు, ఒక బొగ్గు కంపెనీ. ఆ ఇళ్లకు శిల్పం లేదు, శాసనం లేదు, కట్టిన మేస్త్రి పేరు ఎక్కడా చెక్కి ఉండదు. అయినా ఊళ్లు వేరైన, కులాలు వేరైన, కొంతవరకు భాషలే వేరైన జనం తమను తాము 'సింగరేణి బిడ్డలం' అని చెప్పుకునేంత బలమైన గుర్తింపు ఆ వరుస ఇళ్ల మధ్యనే తయారైంది. ఆ గుర్తింపును నిలబెట్టిన నేల మాత్రం ఏనాడూ ఆ జనానిది కాలేదు. బొగ్గు ప్రాంతపు సంస్కృతిని అర్థం చేసుకోవాలంటే ఈ వైరుధ్యం దగ్గర మొదలుపెట్టవలసి ఉంటుంది.

భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిల్వలను గుర్తించడం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకపు హక్కులు దక్కడం, 1889లో తవ్వకం మొదలుకావడం, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడడం చాలామందికి తెలిసిన చరిత్రే. ఇళ్ల వైపు నుంచి చూసేవారికి ఇందులో ముఖ్యమైనది గనులు ఒకదాని తరువాత ఒకటి వచ్చిన క్రమం. ఇల్లెందు తరువాత 1927లో బెల్లంపల్లి, 1930ల చివర్లో కొత్తగూడెం, 1960ల మొదట్లో రామగుండం పక్కన గోదావరిఖని, ఆ తరువాత మందమర్రి, శ్రీరాంపూర్, భూపాలపల్లి తదితర ప్రాంతాల విస్తరణ సాగింది. సాధారణంగా ఊరు ఏటి ఒడ్డునో, బాటల కూడలిలోనో, కోట పక్కనో పుడుతుంది. బొగ్గు ఊరు మాత్రం కార్మికులు 'సీమ్' అని పిలిచే బొగ్గు పొర ఎక్కడ నేల పైభాగానికి దగ్గరగా వస్తే అక్కడ పుడుతుంది, ఆ పొర తరిగిపోయినప్పుడు దాని ప్రాణం కూడా తరుగుతుంది. 1929లో కాజీపేట, బల్లార్షా మధ్య రైలుమార్గం పూర్తికావడంతో బెల్లంపల్లి బొగ్గుకు ఉత్తరానికీ దక్షిణానికీ దారి దొరికింది, స్టేషను చుట్టూ బస్తీలు పెరిగాయి, అర్ధశతాబ్దం పాటు ఆ పట్నం ఉత్తర గనులకు గుండెకాయగా ఉంది. తరువాత గనులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

ప్రస్తుతం 'బెల్లంపల్లి ఏరియా' అని కంపెనీ పిలిచే విభాగానికి ప్రధాన కార్యాలయం బెల్లంపల్లిలో లేదు, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటిలో ఉంది. బెల్లంపల్లి పట్నానికి ఆనుకుని మిగిలిన శాంతిఖని గనేమో మందమర్రి ఏరియా లెక్కలోకి వెళ్లింది. పట్నం ఒకచోట, దాని పేరుతో నడిచే పాలన మరొకచోట, పట్నపు గని ఇంకొకరి పద్దులో ఉండే ఈ విడ్డూరాన్ని కాగితం మీది సర్దుబాటుగా తీసిపారేయడానికి వీలులేదు. జనరల్ మేనేజర్ కార్యాలయం ఎక్కడ ఉంటే క్వార్టర్లు, దవాఖాన, బడి, క్లబ్బు, ఆటస్థలం, బజారు అక్కడికే చేరతాయి. అవి చేరిన చోటు టౌన్‌షిప్ అవుతుంది, అవి వదిలిన చోట ఖాళీ గోడలు మిగులుతాయి. రైలుబండి ఆగే ఆసిఫాబాద్ రోడ్డు స్టేషను రెబ్బెనలో ఉండగా, అక్కడికి కొద్ది దూరంలో ఉన్న గోలేటి బొగ్గు వల్లనే పల్లె నుంచి టౌన్‌షిప్‌గా మారింది. నేటికీ ఆ పేరు గల పల్లె ఒకటి, ఆ పేరు గల టౌన్‌షిప్ ఒకటి పక్కపక్కనే ఉన్నాయి, వాటి వీధుల తీరు చూస్తే ఏది ఏదో ఎవరికైనా తెలుస్తుంది.

ఈ నేల బొగ్గు కంపెనీ రాకముందు ఖాళీగా లేదు. గోండులు, కోలాములు, నాయకపోడులు ఈ అడవుల్లో తరతరాలుగా ఉన్నారు, వారి గూడేలు వెదురు తడికెల మీద మట్టి మెత్తిన ఇళ్లతో, ఊరి దేవతల గద్దెలతో, పొలానికీ అడవికీ మధ్య ఒక ఒప్పందంతో ఏర్పడ్డవి. టౌన్‌షిప్ గీసిన ఇంజనీరు కొలతపట్టీకి ఆ ఒప్పందం కనిపించే అవకాశం తక్కువ. అయినా పాత నేల పూర్తిగా చెరిగిపోలేదు. నాయకపోడులూ కోలాములూ కొలిచే భీమన్న పేరే గోలేటి టౌన్‌షిప్‌లోని స్టేడియానికి ఉంది, ప్రతి డిసెంబరులో ఏరియా తరఫున సింగరేణి ఆవిర్భావ దినోత్సవం జరిగేది కూడా ఆ మైదానంలోనే. కంపెనీ పుట్టినరోజు పండుగ అడవి దేవుడి పేరున్న ఆవరణలో జరగడంలో ఎవరి ఉద్దేశమూ లేకపోవచ్చు గాని, ఎవరి నేల మీద ఎవరి ఊరు నిలబడిందో ఆ పేరు గుర్తుచేస్తూనే ఉంటుంది.

కాలనీ నిర్మాణంలో ప్రధాన సూత్రం గ్రేడు. క్వార్టర్లను అక్షరాలతో, అంకెలతో రకాలుగా విభజించి, ఉద్యోగి హోదాను బట్టి ఆ రకాన్ని కేటాయించడం గని పట్టణాలన్నిటా కనిపించే పద్ధతి. బాయిలో, అంటే గనిలో, దిగే కార్మికుడికి వరుసలో కలిసిపోయే చిన్న క్వార్టరు, సూపర్‌వైజర్‌కు కొంచెం పెద్దది, అధికారికి చెట్ల మధ్య కాంపౌండు గోడతో బంగళా ఉంటాయి. వరుసను కార్మికులు 'లైన్' అంటారు. ఒక లైన్ ఇంటి గోడ పక్కింటికీ గోడే, ముందు వసారా, వెనుక చిన్న పెరడు, ఎదుట మరో లైన్ వసారా. ఒకే రకం క్వార్టర్లన్నీ ఒకే కొలతలో ఉండడం వల్ల బయటినుంచి చూస్తే అవి ఒకదానికొకటి తేడా తెలియనట్లు ఉంటాయి. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ పల్లెల నుంచి వచ్చిన మొదటితరం కార్మికుల మీద ఈ ఏకరూపత చూపిన ప్రభావం లోతైనది. పల్లెలో మనిషి చిరునామా వాడ, వాడంటే కులం. మాలవాడ, మాదిగవాడ ఊరికి ఏ దిక్కున ఉండాలో శతాబ్దాలుగా తేలిపోయి ఉంటుంది. కాలనీలో క్వార్టరు నంబరు వచ్చేది ఉద్యోగాన్ని బట్టి, కేటాయింపు వరుసను బట్టి కనుక, పల్లెలో ఒక బావి నీళ్లు తాగని కుటుంబాలు ఇక్కడ ఒకే నల్లా దగ్గర బిందెలు పెట్టవలసి వచ్చింది, ఒకే గోడను రెండువైపుల నుంచి పంచుకోవలసి వచ్చింది. సంస్కర్తల ప్రసంగాలు సాధించలేనిది కొంతవరకు ఇంజనీరు గీసిన పటం సాధించిందంటే అతిశయోక్తి కాదు.

అయితే దీనిని మితిమీరి మెచ్చుకోవడం కూడా తప్పే అవుతుంది. కులం చిరునామా పలుచబడిన చోట గ్రేడు చిరునామా గట్టిపడింది. అధికారుల క్లబ్బుకూ కార్మికుల క్లబ్బుకూ గేట్లు వేరు, పిల్లలు ఆడుకునే మైదానాలు వేరు, బంగళాల దారిలో నడిచే కార్మికుడి నడకే వేరు. దానికి తోడు క్వార్టర్లు ఎన్నడూ కార్మికులందరికీ సరిపోలేదు. దొరకని వారు, కొత్తగా పనికి చేరినవారు, బాయి మీద ఆధారపడిన మంగలి, చాకలి, మేదరి, కిరాణా, కల్లు వృత్తుల వారు కంపెనీ స్థలం అంచునే గుడిసెలు వేసుకోవడం వల్ల ప్రతి గని పట్నానికీ కాలనీతో పాటు బస్తీ అనే రెండో శరీరం ఏర్పడింది. కొత్తగూడెంలో రైటర్ బస్తీ, బాబు క్యాంపు, మేదర బస్తీ వంటి పేర్లు ఎవరు ఎక్కడ కుదురుకున్నారో ఇప్పటికీ చెబుతాయి. కాలనీ వీధి కొలబద్ద పెట్టి గీసినట్లుంటే బస్తీ వీధి జనం నడిచిన కొద్దీ పడిన దారి, అందులో పల్లె వాడల లక్షణాలు, కులాల గుంపులు తిరిగి తలెత్తాయి. గని సమాజపు సంస్కృతి ఈ రెండింటి మధ్య రాకపోకల్లో పుట్టిందే గాని ఏ ఒక్కదానిలోనూ పుట్టలేదు.

కాలనీ జీవితానికి కాలాన్ని కొలిచేది బదిలీ. బదిలీ అంటే ఇక్కడ ఉద్యోగ స్థానం మారడం కాదు, రోజుకు మూడుసార్లు మారే పనివేళ. ఉదయపు బదిలీకి పోయేవాడి ఇంట్లో తెల్లవారకముందే పొయ్యి వెలుగుతుంది, రాత్రి బదిలీ దిగి వచ్చినవాడి ఇంట్లో పట్టపగలు తలుపులు మూసి ఉంటాయి. గోడలు పలుచన, ఇళ్లు ఇరుకు కావడం వల్ల పక్కింటాయన ఏ బదిలీలో ఉన్నాడో లైన్ మొత్తానికి తెలిసి ఉండవలసిందే. మధ్యాహ్నం పిల్లలను ఎదుటి వసారాలోకి తోలడం, రోలు చప్పుడు ఆపడం, పెళ్లి మేళాన్ని సైతం ఒక గంట వెనక్కి జరపడం మర్యాదలుగా స్థిరపడ్డాయి. కంపెనీ బొగ్గుతో వండుకున్న రోజుల్లో మునిమాపువేళ ప్రతి వాకిట్లో కుంపటి రాజేయడం, లైన్ల మీద పొగ కమ్ముకోవడం నిత్యకృత్యం. ఆడవాళ్లు కుంపటి రాజుకునే దాకా వాకిట్లో కూర్చుని మాట్లాడుకునేవారు, ఆ మాటల్లోనే చిట్టీలు, సంబంధాలు, తగవులు, ప్రమాదపు వార్తలు చేతులు మారేవి. వంటగ్యాసు వచ్చి పొగను తీసేసింది, అది ఊపిరితిత్తులకు మేలే. ఆ కూర్చోవడం కూడా దానితో పాటే పోయింది. వేసవిలో లైన్ల మధ్య మంచాలు వేసుకుని పడుకునే అలవాటును కూలర్లు తగ్గించగా, ఇటీవల కార్మికుల క్వార్టర్లకు కూడా ఏసీ సదుపాయం వచ్చాక అది మరింత అరుదైంది. రామగుండం ఎండ తెలిసినవారెవరూ ఆ సౌకర్యాన్ని తప్పుపట్టరు. కిటికీ మూస్తే వీధి తగ్గుతుందన్నది మాత్రం నిర్మాణశాస్త్రం చెప్పే సత్యం.

ఇళ్ల అమరిక జీవితాన్ని మార్చడం బతుకమ్మ విషయంలో మరింత స్పష్టం. పల్లెలో బతుకమ్మ ఆడేది వాడ ముందర, గుడి ముందర, చెరువు గట్టున. కాలనీలో మైదానం ఒక్కటే కావడం వల్ల వేర్వేరు ఊళ్ల కోడళ్లు తమ తమ పుట్టింటి పాటలతో ఒకే వలయంలోకి వచ్చారు, ఒకే కథను రెండు వరసల్లో పాడే సందర్భాలు ఏర్పడి, క్రమంగా లైన్‌కు ఒక ఉమ్మడి వరస కుదిరింది. భూగర్భ గనిలో ఆడవారు పనిచేయరాదని 1952 గనుల చట్టం శాసించడం వల్ల బాయి మగవారి లోకంగా, కాలనీ పగటివేళ ఆడవారి లోకంగా విడిపోవడం కూడా ఈ సంస్కృతికి ఒక మూలం. 2019లో ఆ నిషేధానికి సడలింపులు వచ్చి సాంకేతిక, పర్యవేక్షక ఉద్యోగాల్లో మహిళలకు భూగర్భ గనులు తెరుచుకున్నాయి గాని, మగవారి లెక్కతో కట్టిన గని ఆవరణలు ఆ మార్పును అందుకోవడానికి ఇంకా సమయం పడుతుంది.

ఇంటి తరువాత చెప్పవలసినది గని మీది కట్టడాలు. భూగర్భ గనిలోకి ఏటవాలుగా దిగే దారిని ఇంక్లైన్ అంటారు. గోదావరిఖని పక్కన ఎయిట్ ఇంక్లైన్ కాలనీ అనే ఊరి పేరు అలా ఏర్పడిందే. ఇంక్లైన్ ముఖద్వారం దగ్గర హాజరు వేసే మస్టర్ గది, టోపీ దీపాలు ఇచ్చే ల్యాంప్ రూము, క్యాంటీను, స్నానాల గదులు, మైసమ్మదో పోచమ్మదో గుడి ఒకచోట చేరి ఉంటాయి. ల్యాంప్ రూములో ప్రతి కార్మికుడి దీపానికీ అంకె ఉంటుంది, బదిలీ ముగిశాక ఒక దీపం తిరిగి రాకపోతే ఒక మనిషి ఇంకా కింద ఉన్నాడని అర్థం. దిగేముందు అందరూ అదే ఇరుకు స్థలంలో ఆగక తప్పదు కాబట్టి, కార్మిక సంఘాలకు అంతకన్నా మంచి సభాస్థలి మరొకటి లేదు. గని రాజకీయాల్లో గేట్ మీటింగ్ అనే సంప్రదాయం ఈ నిర్మాణం ఇచ్చిన వరం. 1981లో 56 రోజులు సాగిన సమ్మె, 2011లో తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో గనులు ఆగిపోవడం, 1998 నుంచి జరుగుతున్న గుర్తింపు సంఘం ఎన్నికల ప్రచారం, అన్నీ మొదట మాటలుగా వినిపించింది మస్టర్ ముందే, తరువాత చౌరస్తాలకు చేరింది. లైన్‌లో గోడ పంచుకున్న ఇళ్లే సమ్మె రోజుల్లో బియ్యం కూడా పంచుకున్నాయన్నది మరువరాదు.

ఇక్కడ ఇబ్బందికరమైన ప్రశ్న ఒకటి ఉంది. ఉద్యోగంతో ముడిపెట్టిన ఇంటిలో మనిషి అద్దెదారుడా, ఇంటివాడా? అమెరికాలో షికాగో పక్కన జార్జి పుల్‌మన్ అనే రైలుపెట్టెల తయారీదారు 1880లో తన కార్మికుల కోసం అందమైన పట్నం కట్టించాడు. 1894లో కూలి తగ్గించి అద్దె తగ్గించకపోవడంతో పెద్ద సమ్మె చెలరేగింది, 1898లో న్యాయస్థానం ఆ ఇళ్లను అమ్మివేయవలసిందిగా కంపెనీని ఆదేశించింది. సింగరేణిలో అద్దె నామమాత్రమే, కరెంటూ నీళ్లూ కంపెనీవే, కాబట్టి పోలిక పూర్తిగా పొసగదు. కాని పదవీ విరమణ తరువాత క్వార్టరు ఖాళీ చేయడం తప్పదు, ముప్పై ఏళ్లు నాటి పెంచిన మామిడి, నిమ్మ చెట్లను, పిల్లల పెళ్లి పందిరి వేసిన వాకిలిని వదిలి వెళ్లడం తప్పదు. తండ్రి తరువాత బిడ్డకు దక్కే వారసత్వ ఉద్యోగం కోసం కార్మిక కుటుంబాలు అంతగా పోరాడడానికి జీతం ఒక్కటే కారణం కాదు, ఇల్లు నిలవాలన్న ఆశ కూడా అందులో ఉంది. పుట్టిన పల్లెకు తిరిగి వెళ్లలేక, కంపెనీ స్థలంలోనే అంచున చిన్న ఇల్లు కట్టుకున్నవారికి ఆ నేల మీద హక్కు పత్రం దశాబ్దాలపాటు కలగానే ఉండింది. జీవో 76 అనే ప్రభుత్వ ఉత్తర్వు కింద కొన్ని పట్నాల్లో పట్టాలు రావడం ఆలస్యంగానైనా జరిగిన న్యాయం. సింగరేణి సంస్కృతి గురించి గర్వంగా మాట్లాడేవారు ఈ భద్రతలేమిని కూడా ఆ సంస్కృతిలో భాగంగానే లెక్కించాలి.

1970ల మధ్యలో మొదలై ఇప్పుడు ఉత్పత్తిలో అత్యధిక భాగాన్ని ఇస్తున్న ఓపెన్‌కాస్టు పద్ధతి, అంటే నేలపొరలను పైనుంచే తొలగించి బొగ్గు తీసే విధానం, ఈ కట్టడాల వ్యవస్థనే మార్చివేసింది. గోలేటి చుట్టుపక్కల భూగర్భ గనులు మూతపడి ఖైరిగూర వంటి ఉపరితల గనుల మీద ఏరియా నడుస్తున్నది. ఓపెన్‌కాస్టుకు ఇంక్లైన్ లేదు, దాని చుట్టూ ఇరుకుగా చేరిన ముఖద్వారపు ఆవరణా లేదు. యంత్రాల దగ్గరికి మనుషులు వాహనాల్లో చెదిరి వెళ్తారు. తీసిపోసిన మట్టి గుట్టలు కొత్త దిగంతమై నిలుస్తాయి, పేలుళ్లకు గోడలు బీటలు వారుతున్నాయన్న ఫిర్యాదు పరిసర గ్రామాలన్నిటా వినిపిస్తుంది, తరలించిన పల్లెలకు పునరావాస కాలనీలు వస్తాయి. పునరావాస కాలనీలో ఇల్లు పక్కాదే అయినా కొట్టానికీ గడ్డివాముకూ దేవుడి గద్దెకూ చోటు దొరకడం కష్టం. 1990ల మొదట్లో 1 లక్షకు పైగా ఉన్న కంపెనీ ఉద్యోగులు ఇప్పుడు సుమారు 40 వేలకు తగ్గగా, మట్టి తొలగించే పని కాంట్రాక్టు కార్మికుల చేతికి వెళ్లింది, వారిలో చాలామందికి క్వార్టరు లేదు, లైన్ లేదు, రేకుల షెడ్ల క్యాంపులే గతి. ఒకవైపు ఖాళీ క్వార్టర్ల తలుపులు చెదలు తింటుండగా మరొకవైపు బొగ్గు తీసే మనిషికి ఇల్లు లేకపోవడం ఈ వ్యవస్థ సిగ్గుపడవలసిన విషయం.

గని కోసం ఊరు కదలడం సింగరేణికే పరిమితమైనది కాదు. స్వీడన్ ఉత్తర భాగంలోని కిరునా పట్నం కింద ఇనుప ఖనిజం తవ్వకం వల్ల నేల కుంగుతున్నందున పట్నాన్నే తరలిస్తూ, 1912 నాటి కొయ్య చర్చిని 2025 ఆగస్టులో విడదీయకుండా దాదాపు 5 కిలోమీటర్లు జరిపారు. ఫ్రాన్స్ ఉత్తర ప్రాంతంలో మూతపడిన బొగ్గు గనులను, వాటితోపాటు కార్మికుల వరుస ఇళ్లను, 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సంపన్న దేశాల ఖర్చును సింగరేణి నుంచి ఆశించడం సబబు కాకపోవచ్చు, కాని కార్మికుడి ఇల్లు కూడా వారసత్వమేనన్న ఆ ఆలోచనకు డబ్బు అక్కరలేదు. మూసివేసిన గని లోపలి పటాన్ని జాగ్రత్త చేయాలని గనుల నిబంధనలు నిర్దేశిస్తాయి. కూల్చివేసిన కాలనీ పటాన్ని దాచమని చెప్పే నిబంధన ఏదీ లేదు.

అందువల్ల గోలేటి, బెల్లంపల్లి, గోదావరిఖని, కొత్తగూడెం శ్రోతలకు ఒక విన్నపం. పాత లైన్లను కూల్చేముందు ఒక్కో పట్నంలో కనీసం ఒక వరుస క్వార్టర్లనూ ఒక ల్యాంప్ రూమునూ యథాతథంగా నిలపమని కంపెనీనీ పురపాలక సంఘాలనూ అడగండి. బడి పిల్లలచేత తమ లైన్ పటాన్ని ఇంటింటి వివరంతో గీయించండి. పదవీ విరమణ చేసినవారు తాము ఏ ఊరి నుంచి వచ్చారో, ఏ క్వార్టర్లలో ఉన్నారో, నల్లా ఎక్కడ ఉండేదో, బతుకమ్మ ఎక్కడ ఆడేవారో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టండి లేదా మనవలచేత రాయించండి.